కుర్చీలో కూర్చున్న డ్రిల్లు టీచరు

చాలా ఏళ్ళ తర్వాత మొన్న అరకు వెళ్ళాను. సంతలో అల్లం బేరమాడుతుంటే ఒకావిడ నా ముఖంలోకి తొంగి చూసి, "తెలుగు టీచరు కదండీ మీరు?" అంది. జుట్టు సగం నెరిసింది. నవ్వితే బుగ్గ మీద పడే సొట్టను బట్టి గుర్తుపట్టాను. మా హాస్టల్లో చదువుకున్న పిల్ల. పరుగుపందెంలో ఎప్పుడూ ముందుండేది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక అంది: "డ్రిల్లు టీచరమ్మ పోయారండి, పోయిన వానల్లో. నిద్దట్లోనే పోయారు. మీకు ఎవులైనా సెప్పేరో లేదో అనుకున్నాను."

ఎవరూ చెప్పలేదు. అల్లం అక్కడే వదిలేసి పక్కనున్న దుకాణం అరుగు మీద కూర్చున్నాను. ఆమె కూడా నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఏడవలేదు. కాసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది. డ్రిల్లు టీచర్ని తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేవి నవ్వొచ్చే సంగతులే.

పేరు రాయను. తన గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పబోతే, "సాల్లే, ఊరుకో. నా కథ ఎవులిక్కావాలి?" అని కసిరేది. ఆ మాట కొంతైనా నిలబెట్టాలి కదా.

నేను ఆ గిరిజన బాలికల బడిలో తెలుగు చెప్పడానికి చేరింది డెబ్భైల మొదట్లో. ఆ కొండల్లోకి రైలు వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. సొరంగాలన్నీ దాటి, చలికి వణుకుతూ స్టేషన్లో దిగాను. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి ఆవిడే. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. నా చేతిలో ట్రంకుపెట్టె లాక్కుని నెత్తిన పెట్టుకుంది. "నడు తెలుగమ్మా, బేగి! పొద్దుగూకితే మంచు దిగిపోద్ది" అంటూ ముందుకు సాగిపోయింది. ఖాళీ చేతులతో ఆమె వెనక నేను పరిగెత్తాల్సి వచ్చింది.

మా ఇద్దరికీ కలిపి ఒకటే క్వార్టరు. నాకంటే కొన్నేళ్ళు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె మాత్రం చివరిదాకా నన్ను తెలుగమ్మా అనే పిలిచింది. విజయనగరం పక్క పల్లెలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టింది. అన్నయ్యతో పోటీపడి గట్ల మీద పరిగెత్తి పెరిగిన మనిషి. పొద్దున్నే మంచు ఇంకా వీడకముందే లేచి, చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, పిల్లల్ని తోలుకుని మైదానంలోకి పోయేది. ఎదురైన ప్రతి పిల్ల జబ్బా నొక్కి చూసేది. "ఏటి తిన్నావే గుంటా? ఈ జబ్బతో రోకలెత్తగలవేటి?" అనేది. సంత రోజున కూరగాయలమ్మే ఆడవాళ్ళ జబ్బలు కూడా నొక్కేది. వాళ్ళు పడీ పడీ నవ్వేవారు, ఒక్కోసారి ఎదురు ఆవిడ జబ్బే నొక్కి చూసేవారు.

ఆమెకో నమ్మకం ఉండేది: మనిషి నోరు అబద్ధమాడుతుంది గానీ నడక ఆడదు. పిల్లలు ప్రార్థనకి నడిచొస్తుంటే గట్టు మీద నిలబడి చూసేది. ఆ మూడో పిల్ల ఇంటి మీద బెంగపడింది, ఆ చివరి పిల్ల రాత్రి అన్నం తినలేదు అని నాతో చెప్పేది. అడిగి చూస్తే చాలావరకు నిజమే అయ్యేది. ఒక్కోసారి కాకపోతే, "అయితే దాని చెప్పు కరుస్తన్నాది" అని తేల్చేసేది.

ఒక వానాకాలం హాస్టల్లో జ్వరాలు పట్టుకున్నాయి. మా డ్రిల్లు టీచరు గంజి కాచింది, తడిగుడ్డలు వేసింది, పిల్లల మంచాల మధ్యే తిరిగింది. చివరికి తనూ పడింది. పిల్లలందరూ లేచి తిరిగారు. ఆమెకి కూడా జ్వరం తగ్గింది. జ్వరం పోయింది గానీ మనిషి మాత్రం తిరిగి రాలేదు.

మొదట్లో నీరసమనుకున్నాం. జ్వరం వచ్చిపోతే ఎవరికుండదు? గుడ్లు, పాలు, కోడి పులుసు, అన్నీ పెట్టాం. వానలు వెళ్ళిపోయాయి, కొండల మీద వలిసె చేలు పచ్చగా పూశాయి. ఆమె మాత్రం పళ్ళు తోముకుని వచ్చి మళ్ళీ పడుకునేది. జడ వేసుకోడానికి చేతులు పైకెత్తి, మధ్యలో దించేసి, సగం జడతోనే గోడకి జారబడేది. కాసేపు నిలబడితే కళ్ళు తిరిగేవి. బడిగంట మోగితే చెవుల మీద దిండు నొక్కుకునేది. రాత్రంతా నిద్రపోయి కూడా, తెల్లారాక నిద్రన్నదే ఎరగనట్టు లేచేది. అన్నిటికన్నా ఆమెని భయపెట్టింది వేరే. బడిలో ప్రతి పిల్లనీ పేరుతో, ఊరితో సహా ఎరిగిన మనిషికి పేర్లు అందకుండా పోయాయి. "ఒసే... ఒసే..." అని వేళ్ళు ఆడించి, ఏమీ తట్టక, ముఖం అటు తిప్పుకునేది.

"బాగా అలిసిపోయావక్కా, అంతే" అన్నాను ఒకరోజు.

"ఇది అలసట కాదే" అంది కళ్ళు మూసుకునే. "అలసట నాకు తెల్దేటి? పరిగెట్టొచ్చి పడుకుంటే ఒళ్ళంతా తియ్యగా ఉంటాది. తెల్లారితే మళ్ళీ పరిగెట్టాలనుంటాది. అదీ అలసటంటే. ఇదేటో, ఒంట్లో ఉన్నదంతా ఎవులో తోడేసుకుని పోయినట్టున్నాది."

అక్కడి డాక్టరు సూదులు వేశాడు. విశాఖపట్నం తీసుకెళ్ళాను. రక్తం బాగుందన్నారు, గుండె బాగుందన్నారు, ఊపిరితిత్తులు ఇంకా బాగున్నాయన్నారు. కాగితాలన్నీ చూసిన కుర్ర డాక్టరు, "ఏమీ లేదండీ. పెళ్ళి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. తిరుగు రైల్లో అక్క కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఒక సొరంగం దాటాక అంది: "ఆడి మొహం సూసేవా? ఆడికీ నీరసంగానే ఉన్నాది. పెళ్ళయినోడే మరి." నేను నవ్వాను. ఆమె నవ్వబోయి, నవ్వడానికి కూడా ఓపిక చాలక, చేత్తో సైగ చేసి ఊరుకుంది.

హాస్టల్లో వంట చేసే ఆవిడకి మనసు ఆగక, మంత్రం, మూలిక తెలిసిన దిసారిని తన ఊరినుంచి పిలుచుకొచ్చింది. ఆయన ఆమె నాడి పట్టి, బియ్యం గింజలు లెక్క చూసి, పొగ వేసి, "పెద్ద జబ్బే" అని తల ఊపాడు. మా అక్క రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నాకు జబ్బున్నాదని ఒప్పుకున్నోడివి నువ్వొక్కడివే నాయనా" అంది.

అందులో వేళాకోళం సగమే. మిగతా సగం నిజం. బడిలో గుసగుసలు మొదలయ్యాయి. చూడ్డానికి ఆమెకేం లోటు లేదు. బుగ్గల్లో రంగుంది. ఎవరైనా పలకరించడానికి వస్తే లేచి కూర్చునేది, కబుర్లు చెప్పేది, వాళ్ళని నవ్వించి పంపేది. వాళ్ళు బయటికి పోయి, "లక్షణంగా ఉందమ్మా, మనకే లేదు సుఖం" అనుకునేవారు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె కిటికీ మూయించి, దుప్పటి కప్పుకుని, మంచినీళ్ళు అడగడానికి కూడా వేలు మాత్రం ఎత్తేది. బాగున్న గంట ఊరందరికీ కనిపించేది. బాగోలేని రోజుల్లో తలుపు మూసి ఉండేది. తలుపు లోపల ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసేది.

మా హెడ్మిస్ట్రెస్ గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. చెడ్డ మనిషి కాదు. నెలల తరబడి ఓపిక పట్టింది. సెలవులన్నీ అయిపోయాయి. ఆ చలికాలం ఆటలపోటీల రోజుకి పైఅధికారులు వస్తారని కబురొచ్చింది. ఆవిడ స్వయంగా మా క్వార్టరుకి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"చూడమ్మా, డాక్టర్లందరూ ఏమీ లేదంటున్నారు. పైవాళ్ళకి నేనేం చెప్పను? ఆ ఒక్కరోజు నువ్వే డ్రిల్లు చేయించు. నిన్ను మైదానంలో చూస్తే ఇంకెవరూ మాట్లాడరు. మనసు గట్టి చేసుకో."

అప్పటికే వాళ్ళ అన్నయ్య రెండుసార్లు వచ్చి, ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చెయ్యమని పోరాడి వెళ్ళాడు. ఉద్యోగం పోతే ఆమెకి ఆ కొండలు పోతాయి, పిల్లలు పోతారు. ఒకరి ఇంట్లో, ఎంత అన్నయ్య ఇల్లయినా, ఒక మూల మంచం మిగులుతుంది. ఆమె హెడ్మిస్ట్రెస్ వైపు చూసి, "సేస్తానండి" అంది.

చేసింది. ఆ రోజు ఆమెను చూసినవాళ్ళెవరూ ఆమెకి జబ్బంటే నమ్మరు. బూట్లకి సుద్ద పూసుకుంది. పిల్లల్ని బారులు తీర్చి నిలబెట్టింది. చలిగాలిలో ఆమె గొంతు అవతలి కొండకి తగిలి తిరిగొచ్చింది. మార్చింగు చేయించింది, కర్రల డ్రిల్లు చేయించింది, ఆఖర్న పిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడుతుంటే తనూ ఆ వరసలో చేరి పాదం కలిపింది. అధికారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దాయన, "ఇలాంటి టీచర్లు ఉండాలమ్మా" అన్నాడు. హెడ్మిస్ట్రెస్ కళ్ళల్లో నీళ్ళు. "చూశావా? మనసు పెడితే ఎంత బాగా చేశావో!" అని ఆమె చేతులు పట్టుకుంది.

ఆ సాయంత్రం బాగానే ఉంది. మర్నాడు కూడా లేచి తిరిగింది. "నిజంగానే మనసులో ఉన్నాదేటే జబ్బు?" అని నన్నడిగింది. ఆ మాట అడిగినప్పుడు ఆమె ముఖంలో ఎంత ఆశ ఉందో! జబ్బు తన తప్పే అయితే బాగుణ్ణన్న ఆశ. తప్పయితే దిద్దుకోవచ్చు కదా.

ఆ మర్నాడు పొద్దున్న మంచం మీంచి లేవలేదు. కాళ్ళు కదపలేనంది. నీళ్ళ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. వెలుగు చూడలేకపోయింది. చెంచాతో జావ పోస్తే మింగి, మింగినందుకు కాసేపు రొప్పింది. నెలలు గడిచినా ఆ పడక నుంచి తేరుకోలేదు. ఎండాకాలం వచ్చింది. ఒకరోజు జావ పోస్తుంటే నా మణికట్టు పట్టుకుని, చెవిలో చెప్పినంత నెమ్మదిగా అంది: "పొగిడి సంపేసేరే నన్ను."

వాళ్ళ అన్నయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి పోరాడలేదు. గుమ్మంలో నిలబడి చెల్లెల్ని చూసి, తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. రైలు దాకా డోలీలో మోయించాడు. బండి కదిలేముందు నాతో, "ఇక రాదమ్మా ఇది. దాని సామాను నేనొచ్చి తీసుకుపోతాను" అన్నాడు.

తర్వాత జరిగింది నాకు ఆమె నోటనే తెలిసింది. ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. వాళ్ళ ఊరికి దగ్గర పట్నంలో ఒక ముసలి డాక్టరు ఉండేవాడట. చెవులు సరిగా వినిపించవు, అందుకని రోగి ముఖం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అందరు డాక్టర్లూ ఎక్కడ నొప్పి అని అడిగారు. ఈయన, "ఏం చేస్తే ఎక్కువవుతుందమ్మా?" అని అడిగాడట. ఆలోచించుకుని చెప్పమన్నాడు. పది మంది బయట కాచుకుని ఉన్నా కదలకుండా కూర్చున్నాడు. ఆమె మెల్లిగా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. డ్రిల్లు చేయించిన రోజు కాదు పడింది, ఆ మర్నాడూ కాదు, ఆ తర్వాత. చుట్టాలొచ్చి కబుర్లాడి వెళ్ళాక పడిందీ అలాగే. తలంటుకున్నాక పడిందీ అలాగే.

"పని ఈరోజు. దెబ్బ ఎల్లుండి. అంతే కదా?" అన్నాడట ఆయన.

"అవునండి."

"ఈ జబ్బేమిటో నాకు తెలీదు. నా పరీక్షల్లో ఏమీ లేదంటే నా పరీక్షలకి కనపడలేదని అర్థం. నీకు లేదని కాదు. మందు నా దగ్గర లేదు. ఎల్లుండి పడకుండా ఈరోజు ఎంత చెయ్యగలవో అది నువ్వే కనిపెట్టాలి. దానికి ఒక వేలెడు తక్కువే చెయ్యి. బాగున్న రోజున మరీ జాగ్రత్త."

బయటికొచ్చి అన్నయ్య భుజం మీద తల పెట్టి ఏడ్చిందట. అన్నయ్య కంగారుపడి, "ఏటన్నాడే? సచ్చిపోతావన్నాడా?" అని అడిగాడట. "కాదన్నియ్యా. నాకు జబ్బున్నాదన్నాడు" అందట.

ఆ ఇంట్లో ఆమె తనకి తనే డ్రిల్లు టీచరయ్యింది. పిల్లల్ని దూరపు పరుగుకి తయారుచేసినట్టే తన ఒంటిని గమనించింది. కానీ అంతా తలకిందులు. అక్కడ పిల్లని ఇంకో అడుగు, ఇంకో అడుగు అని ముందుకు తోసేది. ఇక్కడ ఇంకో అడుగు వెయ్యగలిగినా ఆపాలి. వదినకి వంటలో సాయం చెయ్యాలనిపిస్తే చిక్కుడుకాయలు సగం వలిచి, మిగతావి పక్కకి తోసేసేది. వదిన మూతి ముడిచేది. పెరటిదాకా నడిచి, గుమ్మం దగ్గర ఊరికే ఆగిపోయేది. కొన్ని రోజులు లెక్క తప్పి పడిపోయేది. ఏ తప్పూ చెయ్యకుండానే పడిపోయిన రోజులూ ఉన్నాయి. అప్పుడు ఎవర్నీ తిట్టకుండా, తననీ తిట్టుకోకుండా పడుకోవడం నేర్చుకోవడమే అన్నిటికన్నా కష్టమయిందని చెప్పేది. మొత్తానికి పడిపోవడాలు దూరం దూరంగా జరిగాయి. గాడి తప్పిన పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.

జీతం లేని సెలవు మీద ఏడాది తిరిగాక అక్క ఒక మధ్యాహ్నం అరకులో రైలు దిగింది. వెనకాల సామాను పట్టుకుని అన్నయ్య. దారిలో కల్వర్టు దగ్గర కూర్చుంది, మళ్ళీ రావిచెట్టు మలుపులో కూర్చుంది. నేను ఎదురెళ్ళాను. అన్నయ్య ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

"ఇంటికాడ పడుకుంటే ఎవులేటంటారు? నానేవైనా అన్నానా? నీ వదినేవైనా అన్నాదా?"

"పడుకోడం సేతకాక కాదన్నియ్యా. ఎప్పుడు పడుకోవాల, ఎప్పుడు లెగాల అన్నది నా సేతిలో ఉండాల. అక్కడ మీరు నన్ను సూసి బాధపడతారని లెగుస్తన్నాను. ఆ లెగడమే నన్ను పడగొడతన్నాది."

ఆయన చాలాసేపు రోడ్డు మీద గులకరాయిని కాలితో దొర్లించాడు. తర్వాత నా వైపు తిరిగి, "సూడమ్మా మరి దీన్ని" అని, సామాను నా ముందు పెట్టి, వచ్చే బండికి వెళ్ళిపోయాడు.

హెడ్మిస్ట్రెస్ గదిలో జరిగిన మాటలకి నేను సాక్షిని. ఆవిడ పిలిచింది ఆమె ఒక్కదాన్నే. ఆమె నన్ను తోడు తీసుకెళ్ళింది. లోపలికి పోగానే, కూర్చోమనకముందే కూర్చుంది. ఆవిడ కనుబొమలు ముడిచింది.

"నిలబడితే మీతో మాట్లాడే ఓపిక నిలబడ్డానికే అయిపోతుందండి" అంది అక్క. హెడ్మిస్ట్రెస్ ముందు ఆమె భాష ఎప్పుడూ పుస్తకంలోకి మారిపోయేది. "నేను పూర్తిగా బాగవలేదు. ఇంతకు ముందులా చెయ్యలేను. అన్నం ఉడికేంత సేపు మైదానంలో ఉండగలను. అది రోజూ ఉండగలను. మీరు ఒకరోజు అంతకంటే ఎక్కువ అడిగితే కాదనలేక చేస్తాను, కానీ ఆ నెలంతా మీకు డ్రిల్లు టీచరు ఉండదు. ఏది కావాలో మీరే చెప్పండి."

"అంతసేపూ నిలబడే ఉంటావా?"

"లేదండి. కుర్చీలో కూర్చుంటాను. నిలబడే పనులు పెద్దపిల్లలు చేస్తారు."

"కుర్చీలో కూర్చుని డ్రిల్లు చెప్పే టీచర్ని నా సర్వీసులో చూళ్ళేదమ్మా."

"నేనూ చూళ్ళేదండి" అంది అక్క.

హెడ్మిస్ట్రెస్ ముఖంలో నవ్వు వచ్చీ రాకుండా ఆగింది. కిటికీ వైపు చూస్తూ అంది: "ఆరోజు నిన్ను బలవంతపెట్టింది నేనే." అక్క కాదనలేదు. ఆవిడ బంట్రోతుని పిలిచి, తన గదిలోని చేతుల కుర్చీ ఒకటి మైదానంలో వేయమంది.

అలా మొదలయ్యాయి ఆ కుర్చీ రోజులు. కొత్తవాళ్ళకి వింతగా ఉండేది. చీర, కాన్వాసు బూట్లు, మెడలో విజిలుతో మైదానం మధ్య చేతుల కుర్చీలో దొరసానిలా ఒక మనిషి. చుట్టూ పరుగులెత్తే పిల్లలు. పెద్దపిల్లలు ఆర్డర్లు వేసేవారు. తొందరపడి అరిచే పిల్లని దగ్గరికి పిలిచి చెప్పేది: "అటెన్షన్ ఎవులైనా సెప్పగలరే. స్టాండెటీజ్ ఎప్పుడు సెప్పాలో తెలిసినోళ్ళే డ్రిల్లు టీచరు."

ఆమెకి కొత్త అలవాట్లు వచ్చాయి. స్టాఫ్ రూములో మాటల మధ్యలో లేచి, సిగ్గూ బిడియం లేకుండా బల్ల మీద పడుకునేది. పెద్ద కబుర్లు తెచ్చినవాళ్ళతో, "నువ్వు సెప్పు, నాను వింటాను. జవాబు రేపు సెప్తాను" అనేది. నిజంగానే మర్నాడు వరండాలో ఎదురై, పలకరింపు కూడా లేకుండా, "వద్దు, ఆ పొలం అమ్మకు" అని చెప్పి పోయేది. నిన్నటి ప్రశ్న మరిచిపోయిన మనిషి తెల్లబోయేవాడు. సంతకి వెళ్ళేటప్పుడు దారిలో రాళ్ళ మీద కూర్చునేది. ఎవరైనా, "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అంటే, "బాగుండాలనే కూకున్నాను" అనేది. అయ్యో పాపం అన్నవాళ్ళతో మాత్రం జవాబు రేపు కూడా చెప్పేది కాదు.

ఒక్కొక్క ఏడూ ఆమె అన్నం ఉడికేంత సేపు కాస్త కాస్త పెరిగింది. కుర్చీలో కూర్చునే సేపు తగ్గింది. తిరగబెట్టిన కాలాలు కూడా ఉన్నాయి. ఒకసారి జలుబు చేసి వేసవంతా పోయింది. మొదటి రోజు నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని దూసుకుపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆమె కూడా ఆ మనిషి కోసం ఎదురుచూడ్డం ఎప్పుడో మానేసింది. "అది మంచి గుంటే. పోనాది. దీంతో సెయ్యాలి కాపురం" అనేది తన జబ్బ తనే నొక్కుకుని.

చాలా కాలం తర్వాత, నేను రిటైరయ్యాక, పత్రికలో ఆ జబ్బు గురించి చదివాను. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అట, ఏదైనా జ్వరం తర్వాత రావచ్చట, ఒంట్లోనే ఉంటుందట, మనసు బలహీనత కాదట, కొంతమందికి తగ్గుతుందట, కొంతమందికి తగ్గదట. రిటైరయ్యాక కూడా అరకులోనే ఉండిపోయిన ఆమె ఇంటికి ఫోను చేసి గట్టిగా చదివి వినిపించాను. అంతా విని, "అలసట అని పెట్టేరా పేరు? పెట్టినోడికి రాలేదన్నమాట" అంది. తర్వాత, "తగ్గనోళ్ళు కూడా ఉన్నారన్నమాట" అంది నెమ్మదిగా. "ఎవులైనా సూస్తన్నారో లేదో ఆళ్ళని." ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తుంది.

కానీ సంతలో ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు నా కళ్ళముందు నిలిచింది వేరే రోజు. నాకు బదిలీ అవడానికి ముందు వచ్చిన కార్తీకమాసం. బడి అంతా వనభోజనానికి వెళ్ళాం. లోయకి తూర్పు పక్కన ఒక కొండ ఉంది. సగం దాకా బాట, ఆపైన రాళ్ళు. పైకెక్కితే రైలు సొరంగంలోంచి బయటికొచ్చి వంతెన మీద వంకర తిరగడం కనిపిస్తుంది. పిల్లలకి అదే పండగ. జబ్బు చేసినప్పటి నుంచీ అక్క వనభోజనాలకి రాలేదు. ఆ ఏడు వస్తానంది. బాట చివర చదును దాకా ఎక్కింది. మధ్యలో కూర్చుంటూ, లేస్తూ, పిల్లలు కోసి ఇచ్చిన ఉసిరికాయలు కొరుకుతూ. ముఖం ఎర్రగా, హాయిగా ఉంది. రొప్పడం లేదు. ఆ ముఖం చూసి నాకే ఆశ పుట్టింది.

పిల్లలు చుట్టూ మూగారు. "రండి టీచరమ్మా, ఇంకా కొంచేవే!" అని చేతులు పట్టి లాగారు. ఆమె నవ్వుతూ చేతులు విడిపించుకుని ఒక చదును రాయి చూసి కూర్చుంది.

"ఎల్లండే, ఎల్లండి. నాను ఇక్కడే."

వాళ్ళు కేకలేస్తూ పైకి పోయారు. నేను ఆమె దగ్గరే ఆగాను.

"ఎక్కలేవా అక్కా?"

"ఎక్కగలను."

"మరి?"

"ఎక్కగలిగినప్పుడే ఆగాలి తెలుగమ్మా. ఎక్కలేనప్పుడు ఎవులైనా ఆగుతారు."

ఆ మాట అన్నప్పుడు ఆమె పైకి చూస్తోంది. శిఖరం మీద పిల్లల తలలు చీమల్లా కనిపిస్తున్నాయి. ఎన్నో ఏళ్ళు అందరికంటే ముందు ఆ రాళ్ళు ఎక్కిన మనిషి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు. పైనుంచి పిల్లలు, "రైలొచ్చింది! టీచరమ్మా, రైలొచ్చింది!" అని అరిచారు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "ఎన్ని పెట్టెలే?" అని గట్టిగా అరిచింది. నూరు గొంతులు నూరు లెక్కలు చెప్పాయి.

అది ఆదివారం. సోమవారం ఆమె బాగానే ఉంది. సోమవారాన్ని నేను నమ్మలేదు, ఆమె కూడా నమ్మి ఉండదు. ఇద్దరం ఆ సంగతి ఎత్తకుండా తొందరగా పడుకున్నాం.

మంగళవారం పొద్దున్న మెలకువ రాగానే పక్క మంచం వైపు తిరగడానికి భయపడ్డాను. తిరిగి చూస్తే మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. లేచి శాలువా కప్పుకుని వసారాలోకి వచ్చాను. మంచు దట్టంగా ఉంది, మైదానం కనిపించడం లేదు. ఆ మంచులోంచి పిల్లల అడుగుల చప్పుడు, వాటి మీదుగా ఆమె గొంతు వినిపించింది.

"ఏయ్ గుంటా! ఆ చివర గుంటా! మోకాలు పైకెత్తు!"